రేడియేషన్ లాచప్‌ను తట్టుకునే సీమాస్ చిప్‌ను డిజైన్ చేయడం ఎలా?

సాధారణ సీమాస్ (CMOS: ఎన్‌మాస్, పీమాస్ అనే రెండు రకాల ట్రాన్సిస్టర్లనూ కలిపి వాడే) చిప్‌లో ఎన్-వెల్ (పీమాస్ ఉండే ఎన్-రకం సిలికాన్ ప్రాంతం), పీ-సబ్‌స్ట్రేట్ (చిప్‌కు పునాది అయిన పీ-రకం సిలికాన్) పక్కపక్కనే ఉండటం వల్ల, మనం కోరకుండానే ఒక పీఎన్‌పీ, ఒక ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ ఏర్పడి, రెండూ కలిసి థైరిస్టర్‌లా, అంటే ఒకసారి ఆన్ అయితే తనంతట తాను ఆగని స్విచ్‌లా పనిచేస్తాయి. రేడియేషన్‌లోని భార అయాన్ (బరువైన ఆవేశిత కణం) చిప్‌లో వదిలిన ఆవేశం ఈ జతను ఆన్ చేస్తే సప్లై నుంచి గ్రౌండ్‌కు భారీ కరెంటు పారుతుంది. సప్లై తీసేసే వరకు సాధారణంగా అది ఆగదు. దీన్నే లాచప్ అంటారు.

కాబట్టి లేఅవుట్ దశలోనే జాగ్రత్తపడాలి. వెల్, సబ్‌స్ట్రేట్ ట్యాప్‌లను (వెల్‌ను సప్లైకి, సబ్‌స్ట్రేట్‌ను గ్రౌండ్‌కు కలిపే కాంటాక్టులను) ట్రాన్సిస్టర్ల సోర్స్‌లకు వీలైనంత దగ్గరగా పెడితే, నిరోధం తగ్గి, బేస్-ఎమిటర్ జంక్షన్ తెరుచుకోవడానికి కావలసిన సుమారు 0.6 వోల్టులు అక్కడ ఏర్పడటం కష్టమవుతుంది. ఎన్‌మాస్ చుట్టూ గ్రౌండ్‌కు కలిపిన పీ-ప్లస్ (ఎక్కువగా డోప్ చేసిన పీ-రకం) గార్డ్ రింగ్‌ను, అంటే రక్షణ వలయాన్ని, పీమాస్ చుట్టూ సప్లైకి కలిపిన ఎన్-ప్లస్ రింగ్‌ను ఎక్కడా తెగకుండా గీయండి. దీనికి స్థలం ఖర్చవుతుంది, అయినా ఇక్కడ పొదుపు చేయకూడదని నా గట్టి అభిప్రాయం. ప్రతి ట్రాన్సిస్టర్‌నూ ఆక్సైడ్‌తో పూర్తిగా వేరుచేసే ఎస్‌ఓఐ (సిలికాన్-ఆన్-ఇన్సులేటర్) ప్రాసెస్ దొరికితే సమస్య మూలమే పోతుంది.

ఒకే లాజిక్‌ను మూడుసార్లు పెట్టి ఓటింగ్ చేయడం (మెజారిటీ ఫలితాన్ని తీసుకోవడం) బిట్ తారుమారును, అంటే 0, 1 ఒకదానికొకటి మారిపోవడాన్ని సరిదిద్దుతుంది గానీ, మూడింటికీ సప్లై ఒకటే అయితే లాచప్ మూడింటినీ పడగొట్టగలదు. అందుకే ప్రతి బ్లాక్‌కూ విడిగా కరెంటు సెన్సర్, పవర్ స్విచ్ ఇవ్వండి. స్విచ్ ఆపినప్పుడు ఇన్‌పుట్ పిన్‌లను కూడా సున్నాకు దించాలి; లేకపోతే రక్షణ డయోడ్ల గుండా వచ్చే కరెంటు లాచప్‌ను కొనసాగించవచ్చు. చివరగా, భార అయాన్ పరీక్షను గరిష్ఠ సప్లై వోల్టేజీ, గరిష్ఠ ఉష్ణోగ్రతల వద్దే జరపండి, ఎందుకంటే వేడెక్కిన చిప్ లాచప్‌కు మరింత సులభంగా లోనవుతుంది.