ఐబీఎస్‌కి మానసిక చికిత్స: డైరీతో మొదలుపెట్టండి

ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అంటే కడుపునొప్పి, విరేచనాలు లేదా మలబద్ధకం మళ్లీ మళ్లీ వేధించే పేగుల సమస్య. దీనికి డాక్టరు సైకాలజిస్టును కలవమన్నారంటే నొప్పి ఉత్తిదే అని కాదు. ఐబీఎస్‌లో పేగుల నరాలు అతిగా స్పందిస్తాయి, మామూలు గ్యాసు కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. భయపడితే అది ఇంకా ఎక్కువవుతుంది. సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్స) పట్టుకునేది ఈ చక్రాన్నే.

ముందు డాక్టరు ఐబీఎస్ అని నిర్ధారించాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే ముందు వాటికి కారణం తేల్చే పరీక్షలు కావాలి.

రెండు వారాలు డైరీ రాయండి: సమయం, సందర్భం, నొప్పి (0 నుంచి 10), అప్పుడు వచ్చిన ఆలోచన, మీరు చేసిన పని. చాలామంది తిన్నవన్నీ రాసి చివరి రెండు గడులూ ఖాళీగా వదిలేస్తారు. చికిత్సకు కావాల్సింది ఆ రెండే.

ఈలోగా శ్వాస సాధన. చెయ్యి పొట్ట మీద పెట్టుకుని నాలుగు లెక్కపెడుతూ పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. పూటకు 5 నుంచి 10 నిమిషాలు, రెండు పూటలా. తల తిరిగితే మరీ గట్టిగా పీలుస్తున్నట్టే, తగ్గించండి. నొప్పి మొదలయ్యాకే చేద్దామనుకుంటే పనిచేయదు. బాగున్నప్పుడే అలవాటు కావాలి.

అసలు పని తర్వాతది. డైరీలోంచి జాగ్రత్తల జాబితా తీయండి: బయల్దేరే ముందు అవసరం లేకపోయినా రెండుసార్లు టాయిలెట్‌కు వెళ్లడం, ప్రయాణమంటే పస్తుండటం, ఎక్కడికెళ్లినా తలుపు పక్క సీటే వెతకడం. ఒక్కోటి మానేస్తే ఎంత భయమో 0 నుంచి 100లో అంకె వేయండి. 30, 40 దగ్గరున్న దాన్ని ఎంచుకుని మానేయండి. ముందు ‘ఏమవుతుందనుకుంటున్నాను’, తర్వాత ‘ఏమైంది’ రాయండి. భయం సగానికి తగ్గేదాకా అదే చేసి, అప్పుడే పై మెట్టు ఎక్కండి. 90 దగ్గర మొదలుపెట్టి మధ్యలో పారిపోతే భయం ముదురుతుంది.

ఇంకో పొరపాటు, ‘ఎందుకైనా మంచిది’ అని ముందే విరేచనాలు ఆపే మాత్ర వేసుకోవడం. బాగా గడిచినా ఆ ఘనత మాత్రకే పోతుంది. అయితే రోజూ వాడమని రాసిచ్చిన మందులు డాక్టరును అడగకుండా ఆపకండి.

హిప్నోథెరపీ (హిప్నాసిస్‌తో చేసే చికిత్స) వేరే దారి. బ్రిటన్ డాక్టరు పీటర్ వోర్వెల్ బృందం 1984లో ప్రచురించిన పరిశోధనతో ఇది పేరుకెక్కింది. సాధారణంగా 7 నుంచి 12 సెషన్లు, ఇంట్లో రోజూ రికార్డింగు వినడం. పేగుల సమస్యలకు ప్రత్యేకంగా శిక్షణ పొందిన వాళ్లనే ఎంచుకోండి.

నొప్పి అంకె వెంటనే తగ్గకపోవచ్చు. మానేసిన ప్రయాణాలు, భోజనాలు ఎన్ని తిరిగి మొదలయ్యాయో చూడండి. ఆరేడు సెషన్లయినా అక్కడా మార్పు లేకపోతే థెరపిస్టుకు ఆ మాట సూటిగా చెప్పి, పద్ధతి మార్చమని అడగండి.