సైకిల్ చైను దేంతో కడగాలి? కడిగాక వచ్చే తంటాలు, వాటికి మందు

ముందు స్కేలు తీయండి. కిరసనాయిలా, డీజిలా, పెట్రోలా అని అడిగేవాళ్లలో చాలామంది చైనును ఒక్కసారి కూడా కొలిచి ఉండరు. సాగిపోయిన చైనును పాలతో కడిగినా మారేదేమీ లేదు. పెడలు కాస్త నొక్కిపట్టి, చైను బిగువుగా ఉండగా పై వరసలో ఒక పిన్ను (ప్లేట్లను కలిపే మేకు) నడిమధ్యకు స్కేలు సున్నా ఆనించండి. ఆ పిన్నును వదిలేసి లెక్కపెడితే 24వ పిన్ను నడిమధ్య సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉండాలి. గేర్ల సైకిలుకు అది గీత దాటి అంగుళంలో పదహారో వంతు పోతే చైను మార్చే వేళయింది. గేర్లు లేని మామూలు సైకిలుకు ఎనిమిదో వంతు దాకా ఓర్చుకోవచ్చు. అంతకు మించితే ఫ్రీవీలు (వెనక చక్రానికుండే పళ్లచక్రం) పళ్లు కూడా అరిగే ఉంటాయి, కొత్త చైను వేసినా తొక్కినప్పుడల్లా ఎగురుతుంది. కొలత సరిగా ఉంటేనే కింది సంగతులతో పని.

కడిగిన రోజు నిశ్శబ్దం, మూడో రోజు కిర్రుకిర్రు

"మొన్ననే గదా కడిగి నూనె పోసింది, అప్పుడే అరుస్తందేంది?" అని వచ్చే సైకిళ్లన్నిటికీ దాదాపు ఒకటే రోగం. పైన చూస్తే చైను నిగనిగలాడుతుంటుంది, నూనె తడి కనిపిస్తుంటుంది. అందుకే నూనె మంచిది కాదేమోనని డబ్బా మారుస్తారు, లేదా ఇంకాస్త పోస్తారు. అసలు కారణం రోలరు (ప్లేట్ల మధ్య పిన్ను చుట్టూ తిరిగే చిన్న గొట్టం) లోపల ఉంది: కడిగిన కిరసనాయిలో, డీజిలో ఇంకా అక్కడే ఉండిపోయింది.

చైను అరిగేదీ, అరిచేదీ బయటి ప్లేట్ల దగ్గర కాదు, పిన్నుకూ రోలరుకూ మధ్య ఉన్న వెంట్రుకంత సందులో. కడిగినప్పుడు ఆ సందు నిండా కిరసనాయిలు చేరుతుంది. బయట తుడిచేస్తాం గానీ లోపలిది కదలదు, గాలి తగలదు కాబట్టి ఆరదు. దాని మీద నూనె చుక్క వేస్తే లోపలికి పోవడానికి చోటే ఉండదు. పోయిన కాస్తా కిరసనాయిలులో కలిసి పలచబడుతుంది. మొదటి రోజు ఆ పలచటి తడితోనే చైను మెత్తగా తిరుగుతుంది. తొక్కేకొద్దీ అది బయటికి కక్కేస్తుంది, మిగిలింది మెల్లగా ఆవిరవుతుంది. మూడో రోజుకు పిన్ను ఎండిపోతుంది. బయట పోసిన నూనె మాత్రం రోడ్డు మీది దుమ్మునంతా పట్టుకుంటుంది. చీమకుర్తి వైపు లారీల వెనక తిరిగే సైకిలైతే ఆ దుమ్ములో గ్రానైటు పొడి ఉంటుంది. నూనెతో కలిసి అది సానపెట్టే పిండిలా పనిచేస్తుంది.

ఏది ఎంత త్వరగా వదిలిపోతుందన్నది దాని మరిగే వేడిని బట్టి ఉంటుంది. పెట్రోలు 30, 40 డిగ్రీల దగ్గర మొదలై 200 చుట్టుపక్కలకల్లా మరిగిపోతుంది. పెయింట్ల షాపులో దొరికే మినరల్ టర్పెంటాయిలు దాదాపు 145 నుంచి 205. కిరసనాయిలు 150 నుంచి 300 దాకా. డీజిలులోని బరువు భాగం 350 దాటినా మిగిలే ఉంటుంది. రేషన్ కిరసనాయిలు దొరికే రోజులు పోయాక అందరూ బంకులో అర లీటరు డీజిలు పోయించుకుంటున్నారు. మడ్డిని కరిగించడంలో డీజిలుకు వంక పెట్టలేం. కానీ అది తనంతట తాను ఆరిపోయే సరుకు కాదు. ఈ ఫిర్యాదు ఇప్పుడు ఎక్కువగా వినబడటానికి కారణం అదే.

మీ చైనుదీ ఇదే రోగమా అని తేల్చుకోవాలంటే, కడిగి ఆరిందనుకున్న చైనును నూనె వేయకముందు తెల్లకాగితం మీద పరచండి. ఒక్కో చోట రెండు చేతులతో పట్టుకుని పక్కలకు అటూ ఇటూ వంచండి, రోలర్లను వేలితో తిప్పండి. రెండు నిమిషాలాగి ఎత్తి చూడండి. కాగితం మీద గారెల కింద పడ్డట్టు పారదర్శకమైన మరకలుంటే లోపల కడిగిన కిరసనాయిలో, డీజిలో ఉన్నట్టే. మరక నల్లగా ఉంటే మడ్డి కూడా వదల్లేదు, మళ్లీ కడగాలి. పొడి కాగితం పొడిగానే ఉంటే నూనె పట్టించవచ్చు. ఈ పని ఎవరూ చేయరు. నూనెకు వందలు పెడతారు గానీ కాగితం ముక్క వెతకరు.

పరిష్కారం ఏమిటంటే, కరిగించేది ఒకటి, వదిలించేది ఇంకొకటి అని రెండు రకాలు పెట్టుకోవడం. చైను లాకు (చైను రెండు కొసలనూ కలిపే లింకు) తీసి, మూతి వెడల్పాటి సీసాలో వేసి 200 మి.లీ. డీజిలో కిరసనాయిలో పోసి రెండు నిమిషాలు గట్టిగా ఊపండి. పావుగంట నాననిచ్చి మళ్లీ ఊపండి. ఆ మురికి వేరే డబ్బాలోకి వంచేసి, 100 మి.లీ. శుభ్రమైనది పోసి ఇంకోసారి. మూడోసారికి కడిగే సరుకు మార్చాలి: పెయింట్ల షాపులో దొరికే మినరల్ టర్పెంటాయిలు 100 మి.లీ. పోసి ఊపండి. లోపలి డీజిలును ఇది పలచబరిచి లాగేస్తుంది. ఈ మూడో కడుగు రంగు ఇంకా టీ డికాషన్ లాగా ఉంటే నాలుగోసారి కూడా తప్పదు. షాపులో 'మినరల్' అని నొక్కి అడగండి. పైన్ చెట్టు జిగురు నుంచి తీసే టర్పెంటైను ఆరాక జిగట మిగులుస్తుంది.

తర్వాత ఆరబెట్టడం. బనియన్ వేస్టుతో గట్టిగా పిండినట్టు తుడిచి, దగ్గర్లో పంక్చరు షాపుంటే గాలి గొట్టంతో లింకు లింకుకూ గాలి కొట్టించండి. లోపలిది బయటికి చిమ్ముతుంది, కళ్లు జాగ్రత్త. హాట్ ప్యాచ్ వేసే మిషను పక్కన మాత్రం ఆ పని వద్దు. గాలి లేకపోతే తీగకు వేలాడదీయండి. వేసవిలో మూడు నాలుగు గంటలు చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ఒంగోలు, నెల్లూరు వైపు ముసురు కాలం కదా, అప్పుడు రాత్రంతా ఉంచండి. కాగితం పరీక్ష అయ్యాకే నూనె. ఒక్కో రోలరు మీద ఒక్క చుక్క చొప్పున, చైను మొత్తానికి 5, 6 మి.లీ. మించదు. పెడలు వెనక్కి ఒక నిమిషం తిప్పి, పది నిమిషాలాగి, పైన ఉన్నదంతా తుడిచేయండి. పైన కనిపించే నూనె వల్ల దుమ్ము తప్ప లాభం లేదు. కుట్టు మిషను నూనె మరీ పలచన, బండి నుంచి తీసిన పాత ఇంజనాయిలులో ఇనుప రజను, కొబ్బరి నూనె పనికిరాదు.

తెల్లారేసరికి ఎర్రగా తుప్పు

సబ్బు నీళ్లతో కడిగారన్నమాట. గిన్నెల సబ్బు తప్పేమీ కాదు, కడిగిన నీళ్లది తప్పు. కొత్తపట్నం, మైపాడు వైపు చాలా ఇళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ ఉప్పు రోలర్లలో ఎండిపోతే, సముద్రపు గాలి తేమకే తుప్పు లేస్తుంది. ఆఖరి కడుగు క్యాను నీళ్లతో, వేడి చేసి పోయండి. వేడి లోహం త్వరగా ఆరుతుంది. వెంటనే ఎండలో పెట్టి, చెయ్యి వెచ్చగా తగులుతుండగానే నూనె వేయండి.

దీనికి తిరగేసిన సంగతి ఒకటుంది. రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే సైకిలుకు ఉప్పు బురద పడుతుంది. డీజిలూ కిరసనాయిలూ ఉప్పును కరిగించవు, ఎంత ఊపినా అది అక్కడే ఉంటుంది. అలాంటి చైనుకు ముందు మంచినీళ్ల కడుగు, ఆరాక కిరసనాయిలు. వరస మారితే రెండు పనులూ వృథా.

పైపైన తుప్పుంటే ఇనుప బ్రష్షు, నూనె చాలు. బాత్రూం యాసిడు, నిమ్మ ఉప్పు, చింతపండు జోలికి పోవద్దు. ఆమ్లం తగిలితే గట్టిపరిచిన ఉక్కులోకి హైడ్రోజన్ చేరి పెళుసెక్కుతుంది. చైను తెల్లగా మెరుస్తుంది, కానీ పిన్ను రంధ్రం దగ్గర ప్లేటు చిట్లి, లేచి నిలబడి తొక్కుతుండగా తెగవచ్చు. ఇప్పటికే యాసిడులో వేసి ఉంటే ఆ చైను పారేయండి, దానికి మరమ్మతు లేదు.

చైను బాగుంది, వెనక చక్రం దగ్గర కటకట

చైను సైకిలు మీదే ఉంచి స్ప్రేతోనో బ్రష్షుతోనో కిరసనాయిలు పోశారు. అది ఫ్రీవీలులోకి దిగి గ్రీజును కడిగేసింది. చైను విప్పే కడగాలి. ఫ్రీవీలు పళ్లకు కిరసనాయిలులో తడిపి పిండిన గుడ్డ చాలు. డిస్కు బ్రేకులుంటే డిస్కు మీద ఒక్క తుంపర కూడా పడకూడదు, ప్యాడ్లు పాడవుతాయి.

పెట్రోలు, థిన్నరు సంగతి

పెట్రోలు బాగా కడుగుతుంది, త్వరగా ఆరుతుంది. అయినా వద్దు. దాని ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకిపోయి వంటింటి పొయ్యినో, దేవుడి గూట్లో దీపాన్నో అందుకుంటుంది. అందులో బెంజీను కూడా ఉంటుంది, పీల్చేది కాదు. థిన్నరు ఫ్రేము పెయింటునూ, ప్లాస్టిక్కునూ తినేస్తుంది.

అలాగని కిరసనాయిలంటే భయం లేదనుకోవద్దు. కిరసనాయిలు, టర్పెంటాయిలు ఆవిరి అంటుకోవడానికి 30ల్లోనో, 40కి దగ్గరగానో వేడి చాలు. మే నెలలో ఒంగోలులో, నెల్లూరులో నీడలోనే 40 దాటుతుంది. ఎండలో పెట్టిన స్టీలు గిన్నె సంగతి చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో ఈ పని పొద్దున్నే, బయట, నీడలో పెట్టుకోండి.

ఒక్క లింకు బిగుసుకుపోయింది

లాకు దగ్గరో, పిన్ను కొట్టిన చోటో అయితే పక్కలకు వంచితే వదులవుతుంది. అంతే.

కొత్త చైనును కడగాలా?

వద్దు. కంపెనీ వేసిన గ్రీజు లోపల చేరాల్సిన చోటే ఉంది. పైన జిగటను గుడ్డతో తుడిచేయండి చాలు.

వాడిన డీజిలును మురిక్కాలవలోనో, పొలం కాలవలోనో పోయొద్దు. మూత పెట్టి రెండు రోజులు కదల్చకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది. పైన తేరిన భాగం వచ్చేసారి మొదటి కడుగుకు బ్రహ్మాండంగా పనికొస్తుంది. డబ్బా మీద పేరు రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి. తాగే నీళ్ల సీసాలో మాత్రం ఉంచొద్దు.