వ్యసన కౌన్సెలింగ్ నేర్చుకుందాం – 3వ పాఠం: భయపెట్టకుండా మాట్లాడటం

కిందటి పాఠంలో పరిచయం ఎలా మొదలుపెట్టాలో చూశాం. అమెరికాలోని నవాహో అనే ఆదివాసీ సమాజంలో పద్ధతిగా పరిచయం చేసుకునే మనిషి ముందు తన డిగ్రీ చెప్పడు. తల్లి గోత్రం, తండ్రి గోత్రం, అమ్మ వాళ్ళ నాన్న గోత్రం, నాన్న వాళ్ళ నాన్న గోత్రం, ఈ నాలుగూ చెప్పుకుంటాడు. మనకు గోత్రం తండ్రి నుంచి వస్తే వాళ్ళకు తల్లి నుంచి వస్తుంది. ఎదురుగా కూర్చున్నది తమ్ముడో, మేనమామో, తాతో దాంతో తేలిపోతుంది. వరస తేలింది సరే, తర్వాత ఏం మాట్లాడాలి? కొత్త కౌన్సెలర్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఈ పాఠాలకు నవాహో నేషన్‌నే, అంటే నవాహోలు తామే పాలించుకునే ప్రాంతాన్నే, ఎందుకు తీసుకున్నానో ముందు చెప్పాలి. 1968లో నవాహోలు తమ కాలేజీని తామే పెట్టుకున్నారు. అమెరికాలో ఒక ఆదివాసీ జాతి తన చేతుల్లో నడుపుకున్న మొదటి కాలేజీ అది. ఇప్పుడు దాని పేరు దినే కాలేజీ, ప్రధాన క్యాంపస్ అరిజోనాలోని సేలీలో ఉంది. క్యాంపస్ మధ్యలోని ఆరంతస్తుల భవనాన్ని కూడా వాళ్ళ సంప్రదాయ గృహమైన హోగన్ ఆకారంలో ఎనిమిది ముఖాలుగా కట్టారు. అలాంటి చోట వ్యసన కౌన్సెలింగ్ చెప్పాలంటే బయట రాసిన పాఠ్యపుస్తకం ఒక్కటే చాలదు. నవాహో నేషన్‌లో దాదాపు అంతటా మద్యం అమ్మడం నిషేధం. తాగేవాళ్ళు గాలప్ లాంటి సరిహద్దు పట్టణాలకు వెళతారు. చలికాలం రాత్రుళ్ళు అక్కడ రోడ్ల పక్కన మంచుకు బిగుసుకుపోయి చనిపోయినవాళ్ళు ఎందరో. ఆ క్లాసులో కూర్చున్న విద్యార్థికి ఇది పరీక్ష కోసం చదివే విషయం కాదు, తన ఇంటి సంగతి కావచ్చు.

ఇక అసలు విషయానికి వద్దాం. తాగే మనిషి ఎదురైతే మనందరి నోటా ముందుగా వచ్చేది హెచ్చరికే. “ఇలాగే తాగితే లివర్ పోతుంది, పిల్లలు దిక్కులేనివాళ్ళవుతారు.” నవాహో పెద్దల్లో చాలామంది దృష్టిలో ఇది సలహా కాదు. మాటకు జరిపించే శక్తి ఉందని వాళ్ళ నమ్మకం. కీడు పలికితే కీడును పిలిచినట్టే. జోసెఫ్ కారెసీ, లోర్నా రోడ్స్ అనే ఇద్దరు పరిశోధకులు నవాహోలతో మాట్లాడి, 1995లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఈ విషయమే రాశారు. రోగికి రాబోయే ప్రమాదాలన్నీ ముందే ఏకరువు పెట్టడం ఆసుపత్రి దృష్టిలో బాధ్యత, అక్కడి చాలామందికి అదే హాని. “అశుభం పలకకు” అని అమ్మమ్మ కసిరితే నోరు మూసుకున్న మనకు ఇది అర్థం కావడం కష్టమేం కాదు.

ఇది వట్టి నమ్మకమని పక్కన పెట్టేవాళ్ళకు ఇంకో సంగతి. నవాహో నేల కొంత ఉన్న న్యూ మెక్సికో రాష్ట్రంలోనే, ఆల్బకర్కీ నగరంలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో విలియం మిల్లర్ అనే మనస్తత్వవేత్త పనిచేశాడు. మారాలన్న కోరికను ఆ మనిషి నోటి నుంచే రాబట్టే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతిని 1983లో మొదట వివరించింది ఆయనే. 1993లో ఆయన బృందం ప్రచురించిన అధ్యయనంలో తేలింది ఇది: కౌన్సెలర్ ఎంత నిలదీస్తే, ఏడాది తర్వాత ఆ మనిషి అంత ఎక్కువ తాగుతున్నాడు. నవాహో పెద్దలు ఒక దారిలో, ప్రయోగం ఇంకో దారిలో ఒకే చోటికి వచ్చారని నాకనిపిస్తుంది. అందుకే ఈ పాఠానికి ఇంత చోటు ఇస్తున్నాను.

ఇప్పుడు ఒక సంభాషణ చూడండి. అభ్యాసం కోసం కల్పించింది. కౌన్సెలర్ పాతికేళ్ళ అమ్మాయి. వచ్చినాయన యాభై దాటినవాడు, ఆమెకు తల్లి గోత్రం వాడు, అంటే వరసకు మేనమామ.

“మా ఆవిడ పొమ్మంటే వచ్చాను. నాకేం లేదు.”

“మీకై మీరు రాలేదు మావయ్యా. అయినా ఇంత దూరం వచ్చారు.”

ఆయన చాలాసేపు ఏమీ అనడు. ఆమె కూడా అనదు.

“గొర్రెలున్నాయి. పొద్దున్నే లేచి చూసుకోవాలి. ఈ మధ్య మనవడే తోలుకుపోతున్నాడు.”

“గొర్రెల పని మీ చేతుల్లో ఉండాలని మీకుంది.”

“వాడికి నేర్పాల్సింది నేనే కదా.”

ఈ ఆఖరి మాట కోసమే ఆ మౌనం. ఆమె తాగుడు ఊసే ఎత్తలేదు, ప్రశ్న కూడా అడగలేదు. విన్నదాన్ని తిరిగి అంది, అనని భాగాన్ని కొంచెం ముందుకు జరిపింది. రెండో జవాబులో “మనవడికి కష్టమవుతోంది కదా” అని ఉంటే అది నింద అయ్యేది, ఆయన లేచి వెళ్ళిపోయేవాడు. ఆమె ఆయన కోరికను పట్టుకుంది. మారాలన్న మాట ఆయన నోటి నుంచే రావాలి.

దినే కాలేజీ తన చదువును నాలుగు అంచెలుగా చెబుతుంది: ఆలోచన, ప్రణాళిక, జీవనం, మననం. కౌన్సెలింగ్‌లో మనం చేసే తొందర ఏమిటంటే, ఆయన ఇంకా ఆలోచనలో ఉండగానే ప్రణాళిక కాగితం ముందు పెట్టడం. మీ సంభాషణలు రాసుకునేటప్పుడు ప్రతి వాక్యం పక్కన ఆయన ఏ అంచెలో ఉన్నాడో గుర్తు పెట్టండి.

కళ్ళలోకి సూటిగా చూస్తూ ఉండాలని చాలా పుస్తకాలు చెబుతాయి. పెద్ద తరం నవాహోలకు అది మర్యాద కాదు. చూపు కాస్త పక్కకు ఉంచండి.

అయితే కొన్ని ప్రమాదాలు చెప్పి తీరాలి. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు, వైద్యుల కనుసన్నల్లోనే మానాలి. దీన్ని దాచడం కౌన్సెలర్‌గా నేరమే. కాకపోతే “మీకు ఫిట్స్ వస్తాయి” అనకుండా, “కొందరికి ఉన్నట్టుండి మానేసినప్పుడు ఒళ్ళు తట్టుకోదు, అందుకే మొదటి రోజులు ఆసుపత్రిలో గడిపి క్షేమంగా ఇంటికెళతారు” అనండి. కబురు అదే, కీడు మాత్రం ఆయన పేరున పడలేదు. ఇంకొకటి, నవాహోలందరూ ఒకే తీరు అనుకోకండి. హతాళి (నవాహోల సంప్రదాయ వైద్యుడు) చేసే క్రతువులను నమ్మేవాళ్ళున్నారు, చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు, రెండూ వద్దనేవాళ్ళున్నారు. “ఇలాంటి విషయాలు మీతో ఎలా మాట్లాడితే బాగుంటుంది?” అని అడిగితే సరిపోతుంది.

ఆదివాసుల రక్తంలోనే తాగుడుందన్న మాట మీ చెవిన పడుతుంది, క్లాసులోనే పడొచ్చు. దానికి ఆధారం లేదు. జెరోల్డ్ లెవీ, స్టీఫెన్ కునిట్జ్ నవాహోల తాగుడు మీద ఏళ్ళ తరబడి చేసిన పరిశోధనలో, కుర్రతనంలో విపరీతంగా తాగినవాళ్ళు చాలామంది నడివయసులో మానేసినట్టు కనిపించింది. కాబట్టి “ఇదివరకు మానేసిన రోజులున్నాయా? అప్పుడెలా గడిచింది?” అన్న ప్రశ్న ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి.

ఈ వారం అభ్యాసం: మీ ఇంట్లోనో ఊళ్ళోనో తాగేవాళ్ళతో జనం అనే హెచ్చరికలు ఐదు, విన్నవి విన్నట్టే రాయండి. ఒక్కోదాని వెనక ఉన్న ప్రేమ ఏమిటో, ఎవరి మీదో పక్కన రాయండి. తర్వాత ఆ హెచ్చరికను కీడు పలకకుండా, ప్రశ్న గుర్తు లేకుండా ఒకే వాక్యంగా మార్చండి. మార్చినదాన్ని ఎవరికైనా గట్టిగా చదివి వినిపించి, ఆగండి. వాళ్ళు మాట్లాడేదాకా మీరు మాట్లాడొద్దు.

వచ్చే పాఠం గోప్యత గురించి. కౌన్సెలర్‌కు, వచ్చిన మనిషికి చుట్టరికం ఉన్నప్పుడు గదిలో విన్న మాట గది దాటకుండా ఎలా చూసుకోవాలో మాట్లాడుకుందాం.