సర్వీసింగ్ అయిన మర్నాడే బండి నీలం పొగ వదిలితే

నిన్నటిదాకా చక్కగా నడిచిన బండి సర్వీసింగ్ నుంచి వచ్చిన మర్నాడే పొగ మొదలుపెట్టిందా? ఇంజిన్ విప్పాలని ఎవరు చెప్పినా అప్పుడే ఒప్పుకోకండి. ముందు ఆయిల్ గేజీ, అంటే ఆయిల్ మట్టం చూపించే పుల్ల, తీసి చూడండి. సర్వీసింగ్‌లో ఆయిల్ ఎక్కువ పోసి ఉండవచ్చు. ఈ సంగతి నాకు ఒడిశాలోని కోరాపుట్ ఘాట్ రోడ్డు మీద తెలిసింది.

మేముండేది జయపురంలో, అత్తవారిల్లు సాలూరులో. దారిలో రెండు ఘాట్లు. జయపురం దాటగానే కోరాపుట్‌కు ఎక్కాలి, పొట్టంగి తర్వాత సుంకి దగ్గర దిగాలి. బండి ముందురోజే షెడ్డు నుంచి వచ్చింది కదా అని ధీమాగా బయలుదేరాను. మొదటి ఘాట్ సగం ఎక్కేసరికి బండి మూడో గేరులో కూడా లాగనని మొరాయించింది. అద్దంలో చూస్తే వెనక లారీ కనపడనంత పొగ. కోరాపుట్‌లో ఆపి చూపిస్తే అక్కడి మెకానిక్ సైలెన్సర్ దగ్గర ముక్కు పెట్టి, "రింగులు పోయాయి, బోరు చేయాలి" అన్నాడు. అంటే పిస్టన్ రింగులు అరిగాయి, ఇంజిన్ విప్పి సిలిండరు లోపల చెక్కించాలని. ఆయనది పూర్తిగా తప్పని కూడా అనలేను. రింగులు అరిగినా వచ్చేది ఆ పొగే.

సెమిలిగుడలో మా బావగారు ఉంటారు. బండిని మెల్లగా అక్కడిదాకా తెచ్చాను. అది కూడా చేయాల్సిన పని కాదని తర్వాత చీవాట్లు పడ్డాయి. ఆయన సెంటర్ స్టాండ్ వేయించి, ఆయిల్ మూత విప్పి, దానికున్న పుల్లను గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి తీశారు. పై గీత దాటి దాదాపు వేలెడు మేర తడి.

"షెడ్డులో ఎంత పోశారు బావా?" అని ఆయన నన్నడిగారు.

"ఒక డబ్బా పోశాడండీ."

"డబ్బా మొత్తమా? దీనికి పట్టేది ఎనిమిది వందల మిల్లీలీటర్లే కదా!"

ఎక్కువ ఎలా అవుతుంది?

లీటరు డబ్బాలో కొంచెం మిగల్చడం ఎందుకని మొత్తం ఒంపేయడం మొదటి కారణం. రెండోది, బండి చల్లగా ఉండగా, సైడ్ స్టాండ్ మీదే పాత ఆయిల్ దించడం. అలా దించితే కొంత లోపలే ఉండిపోతుంది, దాని మీద కొత్తది పూర్తి కొలత పడుతుంది. మూడోది యజమాని పుస్తకంతోనే వస్తుంది. అందులో రెండు కొలతలుంటాయి. ఆయిల్ మార్చినప్పుడు పోయాల్సింది ఒకటి, ఇంజిన్ మొత్తం విప్పి బిగించినప్పుడు పోయాల్సింది ఇంకొకటి. రెండోది ఎప్పుడూ ఎక్కువే. తొందరలో కన్ను దాని మీదే పడుతుంది.

అన్నిటికన్నా పెద్ద మోసం గేజీ చూడటంలో ఉంది. చాలా బైకులకు గేజీ కుడివైపున ఉంటుంది, సైడ్ స్టాండ్ వేస్తే బండి ఎడమకు ఒరుగుతుంది. ఆయిల్ అటు చేరి గేజీకి తక్కువ అంటుతుంది, తగ్గిందనుకుని ఇంకొంచెం పోస్తారు. మరలు ఉన్న గేజీని చాలా మోడళ్ళలో బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి, మీ బండి పద్ధతి ఏదో పుస్తకంలో ఉంటుంది. కారైతే ఇంజిన్ ఆపగానే చూడకూడదు. పైనున్న ఆయిల్ కిందికి దిగడానికి అయిదు పది నిమిషాలు ఆగాలి. అదీ సమతలం మీద. మా జయపురంలో సమతలం దొరుకుతుంది గానీ, కోరాపుట్ వీధుల్లో దాని కోసం వెతుక్కోవాలి.

నీలం పొగ, కాలిన ఆయిల్ వాసన

మట్టం పెరిగితే క్రాంకు, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, తిరుగుతూ ఆయిల్‌ను చిలుకుతుంది. ఆ తుంపరలు ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు గుండా ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోకి, అక్కడి నుంచి గాలితోపాటు సిలిండరులోకి పోయి కాలుతాయి. ఘాట్‌లో చిన్న గేరు, పెద్ద వేగంతో ఇంజిన్ మోగుతుంటే ఇది ఇంకా ముదురుతుంది. ఊళ్ళో తిరిగినప్పుడు బయటపడని తప్పు కొండ ఎక్కేటప్పుడు బయటపడేది అందుకే.

నిర్ధారణకు ఫిల్టర్ పెట్టె అడుగున మూతపెట్టిన చిన్న రబ్బరు గొట్టం చూడండి. మా బావగారు దాని మూత తీయగానే ఆయిల్ ధారగా కారింది. రింగులు అరగడం నెలల తరబడి జరిగే వ్యవహారం. రాత్రికి రాత్రి ఫిల్టర్ పెట్టె నిండిందంటే అనుమానించాల్సింది నిన్నటి సర్వీసింగ్‌నే.

పరిష్కారం: మట్టం సరిచేసి, పెట్టె తుడవండి. కాగితం ఫిల్టర్ ఆయిల్‌లో తడిస్తే కడిగి లాభం లేదు, కొత్తది వేయాలి. స్పాంజి ఫిల్టరైతే కడిగి ఆరబెట్టవచ్చు. ప్లగ్గు తీసి తడిగా నల్లగా ఉంటే శుభ్రం చేయండి. ఆ తర్వాత కూడా కొంత దూరం పొగ వస్తుంది, సైలెన్సర్‌లో చేరిన ఆయిల్ కాలిపోవాలి కదా. అది రోజురోజుకూ తగ్గాలి. తగ్గకపోతే అప్పుడు రింగులు, వాల్వు సీళ్ళ సంగతి మాట్లాడుకోవచ్చు.

చలికాలం పొద్దున్నే కోరాపుట్‌లో కనపడే తెల్లటి ఆవిరిని దీనితో కలపకండి. ఇంజిన్ వేడెక్కగానే అది పోతుంది.

లోపల టకటక చప్పుడు

ఈ లక్షణమే మనిషిని తప్పుదారి పట్టిస్తుంది. ఆయిల్ తక్కువైనా ఈ చప్పుడు వస్తుంది, ఎక్కువైనా వస్తుంది. చిలికిన ఆయిల్ నురగ కడుతుంది. పంపు ఆయిల్‌తోపాటు గాలిని కూడా లాగుతుంది, పైన వాల్వులను కదిలించే ట్యాపెట్లకు అందాల్సిన ఆయిల్ పొర అందదు. చప్పుడు విని ఆయిల్ తగ్గిందేమోనని మరో పావు లీటరు పోసినవాళ్ళను చూశాను. కారులో ఎర్ర ఆయిల్ దీపం వెలిగితే ఇక ఆలోచన వద్దు. పక్కకు తీసి ఇంజిన్ ఆపండి.

లాగకపోవడం, మైలేజీ పడిపోవడం, కారడం

క్రాంకు ఆయిల్‌లో ఈదుతోంది కాబట్టి బరువు. లోపలి ఒత్తిడి పెరిగితే బలహీనంగా ఉన్న ఆయిల్ సీళ్ళ దగ్గర చెమ్మ మొదలవుతుంది. మట్టం తగ్గించి, తుడిచి, రెండు రోజులు చూడండి. మళ్ళీ చెమర్చే సీలును మాత్రమే మార్చండి. కార్లలో వెనక సీలు కారి క్లచ్ ప్లేటు తడిస్తే క్లచ్ జారుతుంది. ఆ పని ఖరీదైనది, గేరుబాక్సు దించాలి.

అదనపు ఆయిల్ తీయడం

గీతకు రెండు మిల్లీమీటర్లు పైనుంటే కంగారు పడనక్కరలేదు. కారులో అర లీటరు ఎక్కువుంటే తీయాల్సిందే. లీటరు ఎక్కువైతే స్టార్ట్ కూడా చేయవద్దు.

మందుల దుకాణంలో యాభై మిల్లీలీటర్ల సిరంజి, సెలైన్ గొట్టం ముక్క కొనండి. ఇంజిన్ గోరువెచ్చగా ఉండగా గొట్టాన్ని గేజీ రంధ్రంలోంచి దించి లాగండి. మా బావగారు ఆరుసార్లు లాగారు, అంటే మూడు వందల మిల్లీలీటర్లు. కొత్త ఆయిల్ తేనె రంగులో ఉండాలి. సిరంజిలోకి వచ్చింది మాత్రం సన్నటి బుడగలతో, చిలికిన మజ్జిగలా ఉంది. రెండుసార్లు లాగిన ప్రతిసారీ గేజీ చూస్తుండండి. పై గీతకు కాస్త కిందే ఆపడం మేలు.

కింది డ్రెయిన్ బోల్టు వదులు చేసి కొంచెం కార్చే పద్ధతి ఉంది గానీ నాకు నచ్చదు. కొంచెం అనుకున్నది ధారగా పడుతుంది, వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. బోల్టు విప్పేటట్టయితే మొత్తం దించి, వాషర్ మార్చి, కొలిచి పోయండి.

డీజిల్ బండివారికి ఒక హెచ్చరిక

డీజిల్ ఇంజిన్ గాలిదారిలోకి ఆయిల్ ఎక్కువగా చేరితే దాన్నే ఇంధనంగా తాగి, దానంతటదే వేగం పెంచుకుంటుంది. తాళం తిప్పినా ఆగదు. అలాంటప్పుడు బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజిన్‌ను బలవంతంగా ఆపాలి. అలా ఆగకపోతే అందరూ దూరంగా జరగండి. గాలి లాగే గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టే సాహసం వద్దు.

సరిచేసినా మట్టం మళ్ళీ పెరిగితే

ఇక మెకానిక్ నిర్దోషి. పుల్లను వాసన చూడండి. పెట్రోలు లేదా డీజిల్ వాసన వస్తే ఇంధనం లోపలికి దిగుతోంది. కార్బొరేటర్ గానీ ఇంజెక్టర్లు గానీ చూపించాలి. పాలు కలిపిన టీ రంగుంటే నీరో కూలెంటో కలుస్తోందన్నమాట. ఈ రెండింటిలో ఏదైనా సరే, బండి నడపకుండా షెడ్డుకు చేర్చండి.

ఆ రోజు సిరంజికీ, ఫిల్టర్‌కూ కలిపి నాకైన ఖర్చు బోరు పనిలో పదో వంతు కూడా కాదు. బండి పొగ తగ్గించుకుంటూ సుంకి ఘాట్ దిగింది. తీసిన ఆయిల్‌ను బావగారు నీళ్ళ సీసాలో పోసి, "మురుగుకాలువలో పారబోయకు, షెడ్డులో పాత ఆయిల్ డ్రమ్ములో వేయించు" అని చేతికిచ్చారు. జయపురం వచ్చాక ఆ సీసా పట్టుకునే షెడ్డుకు వెళ్ళాను. మెకానిక్ దాన్ని వెలుగుకు పట్టి చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్ళి కొలత గీతలున్న మగ్గు వెతకడం మొదలుపెట్టాడు.