కొత్త ల్యాప్‌టాప్ కొనే ముందు ఇది చూడండి

కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని కొత్త ప్రాసెసర్ కోసం డబ్బులు పోసే ముందు, అది మొరాయిస్తున్నప్పుడే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. సీపీయూ, అంటే ప్రాసెసర్, 15 శాతం దగ్గరే ఉండి, డిస్క్ మాత్రం 100 దగ్గర అతుక్కుపోయి ఉంటే ప్రాసెసర్ తప్పేమీ లేదు. మా అక్క పాత ల్యాప్‌టాప్‌లో సరిగ్గా ఇదే కనిపించింది. హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో డేటా దాచే డిస్క్) వేయించాం, ప్రాణం లేచి వచ్చినట్టయింది. తిరిగే డిస్క్‌లో ఒక్కో ముక్కను వెతకడానికే 10 మిల్లీసెకన్ల పైన పడుతుంది. ఎస్ఎస్‌డీకి అందులో వందో వంతు చాలు. వేగాన్ని పరీక్షించే సినీబెంచ్ అనే ప్రోగ్రామ్ ఇచ్చే స్కోరు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఇంచుమించు ఒకటే, ఎందుకంటే అది కొలిచేది ప్రాసెసర్‌ని, డిస్క్‌ని కాదు. పక్కనే మెమరీ గడి కూడా చూడండి. ర్యామ్ నిండిపోయినా డిస్క్ ఇలాగే పరుగులు పెడుతుంది.

ఇక కొత్తది కొనక తప్పదంటే, ఇలాంటి పరీక్షలో దాని ప్రాసెసర్‌కి వచ్చిన సింగిల్ కోర్ స్కోరు అడగండి. కోర్ అంటే ప్రాసెసర్‌లో విడిగా పని చేయగల ఒక్కో భాగం. మల్టీ కోర్ స్కోరు వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు పనికొస్తుంది. మనం నొక్కగానే మెనూ తెరుచుకునే పని ఎక్కువగా ఒక్క కోర్ మీదే పడుతుంది.