మలావీ సిక్లిడ్ ట్యాంకులో కొట్లాటలు, చావులు: సమస్య - పరిష్కారం

సిక్లిడ్ అనే అక్వేరియం చేప చనిపోగానే చాలామంది ముందు నీళ్లను అనుమానిస్తారు, ఆ వెంటనే మందు కోసం షాపుకు వెళ్తారు. నీళ్లు పరీక్షించడం మంచిదే. కానీ చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకు 40 మి.గ్రా.) లోపు వచ్చాయంటే ఇక చూడాల్సింది ట్యాంకులో ఏ చేపను ఏ చేపతో కలిపారన్నదే. మన షాపుల్లో ‘ఆఫ్రికన్ సిక్లిడ్’ పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ భాగం ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపలు. కింది వివరాలు ముఖ్యంగా వాటి గురించి. లెక్కలు 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకుకు సరిపోతాయి. దానిలో సుమారు 250 లీటర్లు పడతాయి. 2 అడుగుల ట్యాంకులో మాత్రం వీటిని పెంచొద్దు. అక్కడ ఏ కలయికా నిలబడదు.

సమస్య: ఒక చేప పై మూలన, హీటర్ వెనకాల నక్కి ఉంటోంది. తోక, రెక్కలు చిరిగిపోయాయి.

ఇది రోగం కాదు, దెబ్బలు తింటున్న చేప. ఒక మగ చేప ట్యాంకు మొత్తాన్ని తన హద్దుగా చేసుకుంది. షాపుల్లో కలిపి అమ్మే పిల్లల్లో ఈ పని ఎక్కువగా చేసేవి కెన్యీ, ఔరాటస్. కెన్యీ పిల్లలు నీలం మీద నల్ల చారలతో ముద్దుగా ఉంటాయి. మగది పెరిగాక పసుపు రంగులోకి మారుతుంది. ఔరాటస్ పిల్లలు పసుపు మీద నల్ల గీతలతో ఉంటాయి. మగది పెద్దయ్యాక నల్లబడుతుంది. అందుకే కొన్న కొన్ని నెలలకు ‘ఈ చేప మనం కొన్నదేనా’ అనిపిస్తుంది. ఈ రెండింటికీ ఇంటి ట్యాంకులో చోటివ్వొద్దు.

పరిష్కారం: దెబ్బలు తిన్నదాన్ని తీసేస్తే సమస్య తీరదు, మర్నాటి నుంచి ఇంకొకటి బలవుతుంది. కొట్టేదాన్నే రెండు వారాలు వేరే టబ్బులో ఉంచండి. ఈలోగా రాళ్ల అమరిక పూర్తిగా మార్చండి. తిరిగి వదిలినప్పుడు దానికి పాత హద్దు దొరకదు, కొత్తగా వచ్చిన చేపలా తగ్గి ఉంటుంది. అప్పటికీ మారకపోతే షాపుకు తిరిగి ఇచ్చేయడమే మార్గం. గాయపడిన చేపకు శుభ్రమైన నీళ్లు చాలు, రెక్కలు తిరిగి పెరుగుతాయి.

రంగుల పోలిక మీద కూడా కన్నేయండి. రాళ్ల మధ్య బతికే మలావీ చేపల్ని ఎంబూనా అంటారు. వీటిలో మగది తన రంగులో, తన చారలతో కనిపించే ఏ మగ చేపనైనా పోటీదారుగానే చూస్తుంది. ఎలక్ట్రిక్ యెల్లో అనే పసుపు ఎంబూనా పక్కన మగ కెన్యీని పెట్టకూడదనడానికి ఇది రెండో కారణం.

సమస్య: నాలుగైదు చేపలే ఉన్నాయి, అయినా రోజూ కొట్లాటే.

తక్కువగా ఉండటమే ఇక్కడ తప్పు. చేపలు కొన్నే ఉంటే పెద్ద మగ చేప కోపమంతా ఒక్కదాని మీదే పడుతుంది. 18 నుంచి 22 ఉంటే ఆ కోపం అందరికీ పంచుకుపోతుంది, ఎవరికీ ప్రాణం మీదికి రాదు. కొత్తగా మొదలుపెట్టేవారికి మేం గట్టిగా చెప్పే కలయిక: ఎలక్ట్రిక్ యెల్లో 6, రస్టీ 6, యెల్లో టెయిల్ ఏసీ (ఇదీ చేప పేరే) 6. రంగులు ఒకదానితో ఒకటి పోలవు, మూడూ ఎంబూనాలో నెమ్మదైనవే. ప్రతి రకంలో ఒక మగకు మూడు ఆడ చేపలైనా ఉండాలి. పిల్లప్పుడు ఆడామగా తేడా తెలియదు కనుక రకానికి 8 కొని, పెరిగాక ఎక్కువైన మగవాటిని తీసేయండి. డెమసోనీ అనే ఎంబూనా కావాలనుకుంటే కనీసం 12 కొనండి, లేదా అసలు కొనొద్దు. అయిదారే ఉంటే ఒక్కొక్కదాన్నీ వరసగా చంపుకుంటూ పోతాయి.

ఇన్ని చేపలకు గంటకు 2000 నుంచి 2500 లీటర్లు తిప్పే ఫిల్టర్ కావాలి. వారానికి 40 శాతం నీళ్లు మార్చాలి. ఈ రెండూ కుదరకపోతే చేపల సంఖ్య పెంచకండి, పెంచితే కొట్లాట తగ్గినా నైట్రేట్ పెరుగుతుంది.

సమస్య: పీకాక్‌కు రంగు రావడం లేదు, లేదా ఉన్న రంగు వెలిసిపోతోంది.

మొదట పక్కన ఏమున్నాయో చూడండి. పీకాక్ కూడా మలావీ సిక్లిడ్డే, కానీ నెమ్మది చేప. ఎంబూనాతో కలిపితే భయంతో రంగు దాచుకుంటుంది. వేరు చేస్తే తిరిగి వస్తుంది. రెండో కారణం షాపులోనే ఉండొచ్చు. రెండంగుళాలైనా లేని పిల్లకు నిండు రంగు ఉంటే హార్మోన్ మేత పెట్టారని అనుమానించండి, ఆ రంగు కొన్ని నెలల్లో పోతుంది. మూడోది, అది ఆడ చేపై ఉండొచ్చు. ఆడ పీకాక్‌లు బూడిద రంగులోనే ఉంటాయి.

రంగుల కోసమే పెంచేవారు మగవాటినే పెట్టుకోండి. ఒక్కో రకం ఒక్కటే ఉండాలి, ఏ రెండూ పోలకూడదు, ఆడది ఒక్కటి కూడా ఉండకూడదు. ఒక్క ఆడ చేప వచ్చినా ట్యాంకంతా యుద్ధం మొదలవుతుంది. పిల్లలు కావాలంటే ఒకే రకం పీకాక్ ఉంచండి. వేర్వేరు రకాలు తేలిగ్గా జతకడతాయి, వాటి ఆడ చేపలు చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఏది ఏ రకమో తర్వాత తేల్చలేరు.

సమస్య: పొట్ట ఉబ్బింది, మలం తెల్లని దారంలా వస్తోంది, మేతను నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తోంది.

దీన్ని మలావీ బ్లోట్ అంటారు. ఎంబూనా రాళ్ల మీది నాచు గీక్కుని తినే చేపలు, వాటి పేగు పొడవు. మాంసాహారి వీనస్టస్‌ను అదే ట్యాంకులో పెట్టి, దానికోసం బ్లడ్‌వార్మ్స్ (ఎర్రటి పురుగుల మేత) వేస్తే వాటిని ఎంబూనా కూడా తింటాయి, జబ్బు అక్కడ మొదలవుతుంది. నిత్యం దెబ్బలు తినే చేపకూ ఇది త్వరగా వస్తుంది. అందుకే మేత ఒకటే అయిన చేపల్నే కలపాలి.

పరిష్కారం: మూడు రోజులు మేత ఆపండి, సగం నీళ్లు మార్చండి. జబ్బు చేపను వేరే టబ్బులో పెట్టి, మెట్రోనిడజోల్ 400 మి.గ్రా. మాత్రను పొడి చేసి 60 లీటర్లకు ఒకటి చొప్పున కలపండి. రోజు విడిచి రోజు, మూడుసార్లు. ప్రతిసారీ ముందు పావు వంతు నీళ్లు మార్చాలి. తిండి మానేసిన మొదటి రోజుల్లో పట్టుకుంటే బతికే అవకాశం బాగుంటుంది. పొలుసులు లేచాక కష్టం. తర్వాత స్పిరులినా (నాచు) మేతకు మారండి, రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయండి.

అయితే పొట్ట మామూలుగా ఉండి, దవడ కింద ఉబ్బి, మేత ముట్టకపోతే మందు వేయకండి. అది నోట్లో గుడ్లు దాచుకున్న తల్లి. సుమారు మూడు వారాలు అలాగే ఉంటుంది.

సమస్య: ఏంజెల్, డిస్కస్ కలిపితే నిలవడం లేదు.

అవి అమెజాన్ చేపలు, మెత్తని (ఖనిజాలు తక్కువున్న) నీళ్లవి. మలావీ నీళ్లు గట్టివి, పీహెచ్ 7.7 నుంచి 8.6. పైగా ఏంజెల్ పొడవాటి రెక్కల్ని ఎంబూనా కొరికేస్తుంది. కలపొద్దు. మరో రెండు సిక్లిడ్‌లూ అంతే: ఆస్కార్ అడుగు పొడవు పెరిగి నోట పట్టిందల్లా మింగుతుంది, ఫ్లవర్‌హార్న్‌ను ఒంటరిగానే పెంచాలి.

మన దగ్గర చాలాచోట్ల బోరు నీళ్లు గట్టిగానే ఉంటాయి, మలావీ చేపలకు అవే మేలు. ఖర్చు పెట్టి ఆర్‌ఓ నీళ్లు పోయకండి, వాటిలో పీహెచ్‌ను నిలబెట్టే ఖనిజాలు ఉండవు. ఇప్పటికే పోసి ఉంటే 100 లీటర్లకు ఒక టీస్పూను వంటసోడా కలపండి, దానితో కేహెచ్ (పీహెచ్‌ను నిలబెట్టే కార్బనేట్ గట్టితనం) సుమారు 2 డిగ్రీలు పెరుగుతుంది. ఒక రోజులో అంతకు మించి వేయొద్దు.

సమస్య: కొత్త చేపను వదిలిన రాత్రే చంపేశాయి.

ఒంటరిగా వదిలారు, లేదా పాతవాటికంటే చిన్నదాన్ని వదిలారు. సమాన సైజులో మూడు నాలుగు తెచ్చి, నెలపాటు విడిగా ఉంచి రోగం లేదని చూసుకోండి. వదిలే రోజు రాళ్లు మార్చి, పాత చేపలకు మేత వేసి, లైటు ఆర్పి, అప్పుడు దించండి. రాళ్లను ఇసుక మీద కాకుండా అడుగు గాజు మీదే, కింద పల్చటి థర్మోకోల్ వేసి పేర్చాలి. ఈ చేపలు ఇసుక తవ్వుతాయి, ఇసుక మీద నిలబెట్టిన రాయి ఒరిగి గాజు పగలొచ్చు.