ఒక్క ఫారంతో ఊరంతా నేర్చుకోవచ్చు

పొదుపు సంఘం మహిళలకు బ్యాంకు ఫారాలు నింపడం నేర్పేవారికి తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటే: తెచ్చిన ఫారాలు కొట్టివేతలతో పది నిమిషాల్లో అయిపోతాయి.

డబ్బు తీసుకునే ఫారం ఒకటి తెచ్చి ఏ4 సైజులో పెద్దదిగా రెండు జిరాక్సులు తీయించండి. ఒకటి ఊహించిన పేరు, ఖాతా నంబరుతో నింపండి. రెండోది ఖాళీగా ఉంచండి. రెండింటినీ వీపులు కలిపి ఒకే ప్లాస్టిక్ ఫైలు కవరులో పెట్టండి. నింపినది చూసి, కవరు తిప్పి, ఖాళీదానిపై వైట్‌బోర్డు మార్కరుతో రాయించండి. పొడిగుడ్డతో తుడిస్తే మళ్లీ కొత్తదే. ఎక్కువమంది తడబడేది అక్షరాల్లో మొత్తం రాసేచోట. ‘రెండు వేల అయిదు వందల రూపాయలు మాత్రమే’ అన్న ఆ ఒక్క గడినే నాలుగైదుసార్లు రాయించండి. తుడిచేయవచ్చని తెలిస్తే పెద్దవాళ్లకు చేయి వణకదు, అదే దీనిలో నాకు బాగా నచ్చింది.

సంతకానికి మాత్రం ఇది పనికిరాదు. లావు మార్కరుతో అలవాటైన సంతకం పెన్నుతో అలాగే రాదు, బ్యాంకులో ఉన్న నమూనాతో కలవకపోతే డబ్బు ఇవ్వరు. దాన్ని తెల్ల కాగితంపై పెన్నుతోనే సాధన చేయించండి.